కాశీకి ముందు ఒక బేనీషా

కాశీకి పోయినవాళ్లు తమకు ఇష్టమైన పండొకటి గంగలో వదిలి రావాలి. ఇక జన్మలో దాన్ని ముట్టకూడదు. జామో నేరేడో వదిలి సులువుగా తప్పించుకున్నవాళ్లను మునిరత్నమ్మ ఏళ్ల తరబడి ఎగతాళి చేసింది. "నేను పోతే మామిడే వదులుతా" అని పాకాల స్టేషన్ బయట తన ఇడ్లీ బండి దగ్గర అందరికీ చెప్పింది. ఇప్పుడు తనే కాశీకి పోతోంది; మాట మార్చలేదు.

రైలు ఏప్రిల్ చివర్లో. ఈలోపల ఒక్క మంచి బేనీషా మామిడి తినాలి. ఆఖరిది.

ఆమె నాయన ఐరాలలో తోట కావలి కాసేవాడు. వరిగడ్డిలో కాయలు మాగేసిన గదిలోనే పిల్లలు పడుకునేవాళ్లు. ఆ చెట్లు ఇప్పుడు తమ్ముడు గుణశేఖర్ చేతిలో ఉన్నాయి. ఫోన్ చేసింది.

"ఇంకా ముదరలేదక్కా. మే నెల నడిమికి పంపిస్తా."

"అప్పుటికి నేను గంగలో మునిగేసి వచ్చేసుంటా రా!"

అంగడిలో కొన్నది. పైన పసుపు, లోపల పాలిపోయిన తెలుపు. టెంక దగ్గర కాస్త పులుపు, మిగతా అంతా నీళ్లు. సగం ముక్క పట్టుకుని అంగడికే పోయింది.

"సుందరరాజూ, ఇది మామిడా, దోసకాయా? తిని సూడు."

అతను తిన్నాడు. "బాగానే ఉండాది కదక్కా."

"నువ్వెప్పుడన్నా మామిడిపండు తిన్నావా?"

"అమ్మేదానికే పొద్దు సాలదు. ఇంక తినేది యాడ?"

చిత్తూరు మార్కెట్లో కొన్నది. తిరుపతిలో చల్లటి పెద్ద అంగడిలో, ఒక్కో పండుకు వల తొడిగి పెట్టినవి కొన్నది. అన్నీ ఒకటే. గ్యాసు పెట్టిన కసుగాయలు. చివరిదాన్ని గోడకేసి కొట్టింది.

కోడలు రూపశ్రీ గోడ తుడుస్తూ అంది: "సపోటా వదిలేయరాదా అత్తా?"

"సపోటా నేనెప్పుడు తిన్నానే, వదిలేదానికి?"

గంగలో నిలబడినప్పుడు కూడా నాలుక మీద ఆ చప్పదనమే. ఏం వదులుతున్నావని పురోహితుడు అడిగాడు. మామిడి అంది. గొంతులో కోపం. వదలడానికి తన దగ్గర ఏముందని?

తిరిగొచ్చిన వారానికి ఐరాల నుంచి గడ్డి పరిచిన బుట్ట వచ్చింది.

రూపశ్రీ వంటింట్లో అటు తిరిగి నిలబడి తింటోంది. మునిరత్నమ్మ గడప దాటలేదు.

"ఎట్లుండాది మే?"

"సప్పగా ఉండాది అత్తా. అంగడివాటి మాదిరే."

రసం కోడలి మోచేతి దాకా కారుతోంది. వాసన వీధి గుమ్మం దాకా వచ్చేసింది.

"సప్పటిదాన్ని అట్లా నాకుతారా ఎవురన్నా?"

కోడలు మోచెయ్యి పైటకు తుడుచుకుంది.

"టెంక పారేయొద్దు. బాగా చీకు," అంది మునిరత్నమ్మ. పెరట్లోకి పోయి, రేపటి ఇడ్లీకి నానేసిన మినప్పప్పును పొట్టు పోయాక కూడా కడుగుతూనే కూర్చుంది.