తాళం తిప్పే ముందు

శ్రీకాళహస్తిలో బండి నీడకు పెట్టి, దర్శనానికి వెళ్ళిన యాత్రికుల కోసం కాచుకొని ఉండగా చిత్తూరు నుంచి ఫోను వచ్చింది. "అమ్మ పోయింది బావా. పొద్దున కాఫీ తాగి, కుర్చీలో కూచున్నది కూచున్నట్టే..." అంది మా మరదలు. పోయింది మా మేనత్త. చిత్తూరు చేరేదాకా నాకు ఏడుపు రాలేదు. వాళ్ళింటి ముందు వరసగా ఆగిన కార్లూ ఆటోలూ చూశాక ఆగలేదు. అన్నిటికీ ఇన్సూరెన్స్ చేసింది ఆమే.

అత్త ఇన్సూరెన్స్ ఏజెంటు. ఆ పనికి ఆమె నోరు అస్సలు సరిపడేది కాదు. తక్కినవాళ్ళు "అన్నీ వస్తాయి సార్, సంతకం పెట్టండి" అని తియ్యగా చెబుతుంటే, ఈమె ఏవేవి రావో వాటితో మొదలుపెట్టేది. "థర్డ్ పార్టీ ఒకటే కట్టినావంటే అది నువ్వు గుద్దినోళ్ళకేనప్పా. నీ బండి నుజ్జయినా నీకు పైసా రాదు. తాగి నడిపితే రాదు. సొంతానికని కొన్న బండిని బాడుగకు తిప్పితే రాదు." వచ్చినవాడు బెదిరిపోయి వేరే ఏజెంటును చూసుకునేవాడు. "పోనీలే. అంతా వస్తాదని చెప్పేటోడు కాగితం సదవలేదని అర్థం. రేపు ఈడికే వస్తాడు" అనేది. చాలామంది వచ్చారు కూడా.

కొత్త బండికి పూజ చేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కిస్తాం కదా, అత్త అక్కడికి పిలవకపోయినా వచ్చేది. పూజారి హారతి ఇచ్చి "కానీయండి" అనగానే చంకలో సంచితో బండికి అడ్డంగా నిలబడేది. నా మొదటి టాక్సీకీ అంతే.

"సూడు అల్లుడా, వానకు బండి మునిగింది. ఏం జేస్తావు?"

"నీళ్ళు తీసినాక స్టార్ట్ చేస్తా."

"దిగు కిందికి!" అని గద్దించింది. చుట్టూ అందరూ ఒకటే నవ్వు. "మునిగిన బండికి తాళం తిప్పితే నీళ్ళు లోపలికి పోయి ఇంజన్ పగుల్తాది. వాన చేసిన నష్టానికి ఇస్తారు గానీ, నువ్వు జేసుకున్న నష్టానికి ఇయ్యరు. ఇప్పుడు చెప్పు."

"తిప్పను."

"తిప్పనత్తా అను."

అన్నాను. అప్పుడు గానీ పక్కకు జరగలేదు మహాతల్లి.

తిరుపతిలో మా వీధి చెరువైపోయిన ఏడు, నా టాక్సీ సీట్ల దాకా మునిగింది. మా ఇంట్లో పొయ్యి వెలిగేది ఆ బండి మీదే. నీళ్ళు తగ్గాక ఎదురింటాయన తన కారు తాళం తిప్పుతూ, "నువ్వూ ఒక తూరి తిప్పి సూడప్పా, బతికుందో లేదో తెలిసిపోతాది" అన్నాడు. నా చెయ్యీ తాళం మీదికి పోయింది. చప్పున అత్త గొంతు వినిపించినట్టయింది. తాళం లాగి జేబులో వేసుకొని ఆమెకు ఫోను చేశాను.

"బతికించినావు నాయనా! ఫోటోలు తీసిపెట్టు. నష్టం లెక్కగట్టే కంపెనీ సర్వేయరు వచ్చి సూసేదాకా బండిని ముట్టద్దు."

నా బండి ఇన్సూరెన్స్ డబ్బుతోనే బాగై ఇంటికొచ్చింది. ఎదురింటాయనకు ఇంజన్ ఖర్చు మాత్రం ఇచ్చేది లేదన్నారు. చిత్తూరుకు వెళ్ళి అత్త కాళ్ళకు దండం పెడితే, "నాకెందుకురా? చెప్పింది విన్న నీ చెవులకు పెట్టుకో" అని కాళ్ళు వెనక్కి తీసుకుంది. ఈ రోజు నా పిల్లలు ఇంత అన్నం తింటున్నారంటే అది ఆమె నోటి చలవే. ఈ మాట ఎక్కడైనా చెబుతాను.

ఆమె ఉండగా బుక్ చేసిన కొత్త బండి, కర్మలన్నీ అయ్యాక చేతికొచ్చింది. చిత్తూరులోనే పూజ చేయించాను. నిమ్మకాయలు పెట్టారు. పూజారి "కానీయప్పా" అన్నాడు. బండి ముందు దారి ఖాళీగా ఉంది. తాళం తిప్పలేకపోయాను.

పూజారికి అర్థమైనట్టుంది, హారతి పళ్ళెం పట్టుకొని ఊరకే నిలబడ్డాడు. అప్పుడు మా మరదలు కళ్ళు తుడుచుకుంటూ వచ్చి, అచ్చం వాళ్ళమ్మ మాదిరే బండికి అడ్డం నిలబడింది.

"వానకు మునిగితే ఏం జేస్తావు బావా?"

"తిప్పనత్తా" అన్నాను.

మరదలు పక్కకు జరిగింది. టైర్ల కింద నిమ్మకాయలు చిట్లాయి.