దీని తోలు దేనిది తమ్మీ?

సిరిసిల్లల నా మందుల దుకాణానికి ఒక ఆసామి వచ్చేటోడు. నాలుగు మరమగ్గాలు నడిపిచ్చే మనిషి. ఏ క్యాప్సూల్ ఇచ్చినా వెలుతురుకు పట్టి చూసి, "దీని తోలు దేనిది తమ్మీ?" అని అడిగేటోడు.

ఒకసారి ఎల్లంతకుంటల చుట్టాలింటికి పోతే, చచ్చిన దుడ్డె తోలుల గడ్డి నింపి, బర్రె ముందట నిలవెట్టి పాలు పిండుతున్నరట. తల్లి బర్రె గా గడ్డిబొమ్మను నాకుతున్నదట. ఆ దినం నుంచి మాంసం, గుడ్డు, పాలు, పెరుగు అన్నీ బంద్ వెట్టిండు.

కొన్నేండ్లకు చేతివేళ్లు తిమ్మిరెక్కినయి. తెగిన పోగుకు ముడి పడుతలేదు. నేతపనోనికి గంతకన్న కష్టం ఏం గావాలె? డాక్టర్ బి12 రాసిండు. క్యాప్సూల్ తోలు పశువుల బొక్కలు ఉడకవెట్టి చేస్తరని నేను ఉన్నది ఉన్నట్టు చెప్పిన. తోలు లేనిది తెప్పిస్తనన్నా ఆగలే. రోజూ తోలు ఇప్పి లోపలి పొడి మింగుడు, వారానికోసారి ఖాళీ తోళ్లు కాయితంల కట్టుకొచ్చి నా బల్ల మీద వెట్టుడు.

"గివి నీయే, ఉంచుకో" అనేటోడు, నేనే పశువును కోసినట్టు.

రెండు నెలలైనంక ఆయన మగ్గాల షెడ్డుకు పోయిన. నా ముందట్నే తెగిన పోగుకు టక్కున ముడేసి నవ్విండు. నాకూ సంబురమైంది. గప్పుడే మందు ఏళైంది. పొడి నోట్లేసుకొని, పెద్ద గిలాసెడు చల్ల గటగట తాగిండు.

"కాకా, చల్ల పాలతోనే గద అయ్యేది?" అన్న.

మూతి తుడుసుకుంట, ఏమీ తెల్వనోన్ని చూసినట్టు చూసిండు.

"మందు వేడి చేస్తది తమ్మీ. చల్ల నాకు కాదు, మందుకు."