వెండెల్ నింపిన ఫారాలు

వెండెల్ క్రెన్షా ముక్కుసూటి మనిషి. అమెరికా దక్షిణాన గల్ఫ్ తీరంలోని పామెట్టో బెండ్ అనే ఊళ్లో ముప్పై ఏళ్లుగా ఏసీలు బాగుచేసుకుంటూ బతుకుతున్నాడు. తప్పుడు బిల్లు రాసి ఎరగడు, ఎర్రదీపం దాటి ఎరగడు. ఆ గుణమే అతని కొంప ముంచింది. అతనిదొక్కటే అయితే పోనీ అనుకోవచ్చు, మరో నలభై కొంపలు కూడా ముంచింది.

ఊళ్లో పాములూ బల్లులూ పెంచుకునేవాళ్లకు ఒక సంఘం ఉంది. నెలకోసారి దాణా కొట్టు వెనక గదిలో చేరతారు. ఎవరి కొండచిలువ కుబుసం సరిగ్గా విడవలేదో, ఎవరి బల్లి తిండి మానేసిందో మాట్లాడుకుని, ఉడకబెట్టిన వేరుశనక్కాయలు తిని ఇళ్లకు పోతారు. ఊరు వీళ్లను పిచ్చివాళ్ల కింద జమకట్టి చాలాకాలమైంది. పద్దెనిమిదేళ్లుగా ఆ సంఘానికి వెండెలే కార్యదర్శి.

వీళ్లలో చాలామంది ఇళ్లలో టేగూలుండేవి. టేగూ అంటే దక్షిణ అమెరికా నుంచి తెచ్చిన, ఉడుమంత బల్లి. ఒంటినిండా నలుపూ తెలుపూ మచ్చలు, పెంచినవాళ్ల వెంట కుక్కలా తిరుగుతుంది, కోడిగుడ్డంటే ప్రాణం పెడుతుంది. చలికాలం రాగానే మట్టిలో దూరి పడుకుంటే మళ్లీ మార్చిలోనే లేవడం. పెంచేవాళ్లెవరూ ఆ నిద్ర చెడగొట్టరు. ఆ నాలుగు నెలలూ పసిబిడ్డ పడుకున్న గదిలో నడిచినట్టు మెల్లగా నడుస్తారు.

ఐదేళ్ల కిందట రాష్ట్ర వన్యప్రాణి శాఖ ఒక నిబంధన తెచ్చింది. టేగూలున్నవాళ్లు పేరూ చిరునామా రాసివ్వాలి, జంతువు చర్మం కింద నంబరున్న చిప్పు పెట్టించాలి. అలా చేసినవాళ్లు అది చచ్చేదాకా ఉంచుకోవచ్చు. ఆ రోజు సంఘంలో పెద్ద గొడవైంది. చేపల పడవ మీద పనిచేసే ఆస్మానీ కుర్చీ వెనక్కి తోసి లేచాడు.

"పెద్దాయనా, ఇవాళ అడ్రసు అడుగుతారు. రేపు ఆ అడ్రసుకే వస్తారు. నేనైతే ఇవ్వను."

వెండెల్ నచ్చజెప్పాడు. దాక్కుంటే దొంగలంటారు, ఎదురుగా నిలబడితే మనుషులుగా చూస్తారు అన్నాడు. ఆస్మానీ తప్ప అందరూ ఆ మాట నమ్మారు. వెండెల్ చేతిరాత బాగుంటుందని ఫారాలు కూడా అతనిచేతే నింపించుకున్నారు. అతనిదానితో కలిపి నలభై ఒకటి. ఆఖరిది లోరీన్ టటిల్‌ది. బడిపిల్లలకు వండిపెట్టి రిటైరైన ఆ ముసలావిడ ఒక పట్టాన ఒప్పుకోలేదు. వెండెల్ రెండుసార్లు ఆమె ఇంటికెళ్లి, ఆమె చేసిన మొక్కజొన్న రొట్టె తిని, మెత్తగా మాట్లాడి సంతకం పెట్టించాడు. ఆమె టేగూ పేరు డీకన్. చర్చి పెద్దలా బొజ్జ ముందుకేసుకుని నడుస్తాడని ఆ పేరు పెట్టింది.

తర్వాత ఎన్నికలొచ్చాయి. అడవిలో టేగూ ఒకటి తాబేలు గుడ్లు తింటున్న వీడియో ఒక నాయకుడి చేతికి దొరికింది. ఇక చూసుకోండి, ఊరూరా అదే పాట. చిత్తడినేలలు పూడ్చి ఇళ్లు కట్టి, వేల తాబేళ్లకు నిలవనీడ లేకుండా చేసినవాళ్లే ఆయన సభల్లో ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టారు. ఆయన గెలిచాక ప్రతిపాదన వచ్చింది. పెంపుడు టేగూలన్నిటినీ జనవరి ముప్పై ఒకటిలోగా అప్పజెప్పాలి, వాటిని సూదిమందుతో చంపేస్తారు. చచ్చేదాకా ఉంచుకోవచ్చన్న మాటను వాళ్లు ఈ రకంగా నిలబెట్టుకున్నారు.

ముందు జనం మాట వింటామని సభ పెట్టారు. మనిషికి మూడు నిమిషాలు. వెండెల్ చావులకు వేసుకునే కోటు తొడుక్కుని నాలుగు గంటలు కారు నడుపుకుంటూ వెళ్లాడు. తలుపు పక్క బల్లమీద పత్రికలవాళ్ల కోసం అచ్చువేసిన కాగితాలు దొంతరగా పెట్టి ఉన్నాయి. నిషేధం ఆమోదం పొందిందని వాటిలో ఉంది. సభ ఇంకా మొదలే కాలేదు. అది చదివి కూడా మాట్లాడే వరసలో నిలబడ్డవాణ్ని ఏమనాలో నాకు తెలియదు.

మైకు ముందు అతను అడిగింది ఒక్కటే. జనవరిలో అవి నిద్రలో ఉంటాయి, చలిలో తవ్వి తీస్తే జబ్బుపడతాయి, మార్చిదాకా ఆగితే పక్క రాష్ట్రాల్లో పెంచేవాళ్లకు ఇచ్చుకుంటాం అన్నాడు. గవర్నరు వేసిన వన్యప్రాణి బోర్డు సభ్యుల్లో పశువుల ఆసామి ఒకాయన మైకు దగ్గరికి లాక్కున్నాడు.

"నిద్రలో ఉంటే పట్టుకోవడం ఇంకా తేలిక కదండీ?"

హాలంతా నవ్వింది. వెండెల్ టైము అయిపోయినట్టు ఎర్రదీపం వెలిగింది. అతనికి తల కొట్టేసినట్టయింది.

జనవరి మొదట్లో నోటీసులొచ్చాయి, సరిగ్గా నలభై ఒక్క ఇళ్లకు. ఒక్కోదానికీ వెండెల్ చేతిరాతతో ఉన్న ఫారం నకలు జతచేసి ఉంది. ఆస్మానీ గడప ఎవరూ తొక్కలేదు. అతని టేగూలు రెండూ హాయిగా నిద్రపోతున్నాయి. వెండెల్ తనదాన్ని మొదటిరోజే తవ్వి తీసి తనే తీసుకెళ్లి ఇచ్చాడు. సంఘంలో అందరూ అతని ఫోన్ ఎత్తడం మానేశారు. లోరీన్ ఒక్కతే తనంతట తను ఫోన్ చేసింది. మర్నాడు అధికారి వస్తున్నాడనీ, డీకన్‌ను తవ్వడానికి తనకు చేతులు రావడంలేదనీ, అతన్నే వచ్చి తియ్యమనీ చెప్పి పెట్టేసింది.

మర్నాడు వెండెల్ వెళ్లేసరికి అధికారి అక్కడే ఉన్నాడు. వెనక వరండాలో డీకన్ మట్టిలో పడుకున్న చెక్కపెట్టె ఒకప్పుడు వెండెల్ చేసిచ్చిందే.

"మీరు లోపలికెళ్లండి, మిస్ లోరీన్."

ఆమె కదల్లేదు. వెండెల్ మోచేతిదాకా మట్టిలో చెయ్యి పెట్టాడు. డీకన్ చల్లగా, బరువుగా తగిలాడు. పైకి తీశాక కళ్లు తెరవకుండానే ఒక్కసారి నాలుక బయటికి చాపి లోపలికి తీసుకున్నాడు. లోరీన్ తన వంటింటి ఏప్రన్ చుట్టి అధికారి తెచ్చిన డబ్బాలో పడుకోబెట్టింది.

అధికారి మర్యాదస్తుడే. చిప్పు నంబరును ఫారంతో సరిచూసుకుని మెచ్చుకోలుగా తలూపాడు.

"ఇది మీరు రాసిందేనా సార్? అందరూ ఇలా రాస్తే మాకు ఎంత సుఖమో."

వెండెల్ అతని చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. సాక్షి సంతకం పెట్టాడు. అధికారి డబ్బా మూత బిగించి, సంఘం కార్యదర్శి మీరే కదా, ఈ జాబితాలో లేనివాళ్ల దగ్గర ఇంకేమైనా ఉన్నాయా అని అడిగాడు. వెండెల్‌కు ఆస్మానీ గుర్తొచ్చాడు.

"లేవండి. ఎవరి దగ్గరా లేవు."

పుట్టి బుద్ధెరిగాక ప్రభుత్వం మనిషితో అతనాడిన మొదటి అబద్ధం అది. తడబడకుండా వచ్చింది. అధికారి నమ్మాడు, థాంక్స్ చెప్పి డబ్బా పట్టుకుని వెళ్లిపోయాడు.

లోరీన్ ఖాళీ పెట్టెలో చెదిరిన మట్టిని అరచేత్తో చదును చేస్తోంది. తల ఎత్తకుండానే అంది:

"ఆ అబద్ధమేదో ఐదేళ్ల కిందటే ఆడి ఉంటే సరిపోయేది కదా, నాయనా."