ఫలేసి గీసిన నవ్వుముఖం

మలావీ సరస్సు ఒడ్డున ఎండు ఉసిపా చేపలమ్మే మా ఫలేసి నోటికి ఎవరైనా దడుచుకోవాల్సిందే. అలాంటిది పురుటి ఊసెత్తితే మాత్రం దాని నోరు పెగలదు. ఈడొచ్చిన ఆడపిల్లలకు బుద్ధులు నేర్పే అబిటి సయిదీ అత్త మా అందరికీ అలాగే నూరిపోసింది మరి. నొప్పులప్పుడు ఏడిస్తే వంశానికే తలవంపులట!

కిందటేడు సర్వేవాళ్లొచ్చి గర్భిణులకు తలా ఒక ముఖాల బొమ్మలున్న డైరీ ఇచ్చారు. ఆస్పత్రిలో బాగా చూస్తే నవ్వుముఖం మీద, లేకపోతే ఏడుపుముఖం మీద గీత గీయాలట. ఏడుపుముఖాల మీద గీతలుంటే ఇంకో నర్సును వేస్తారట.

ఫలేసి ఐదో కాన్పుకు ఆస్పత్రికి వెళ్లింది. ఉన్న ఒక్క నర్సు నొప్పులు పడుతున్న వేరే మనిషి దగ్గరుంది. ఇది నేల మీదే కనేసింది. నర్సు వచ్చి, నేలంతా పాడుచేశావని చెంప పగలగొట్టింది. పచ్చి బాలింత, తన గుడ్డతోనే ఆ నేల తుడిచింది. ఇంటికొచ్చి నవ్వుముఖం మీద గీత గీసింది!

"ఒసే, నీకు మతి పోయిందా?" అన్నాను.

"ఊరుకో వదినా. ఏడుపుముఖం మీద గీస్తే నొప్పులకి ఏడ్చాననుకోరూ?"

ఊరి ఆడవాళ్లంతా అదే చేశారు.

మొన్న సర్వే ఆఫీసరు మీటింగు పెట్టి చప్పట్లు కొట్టాడు. "ఒక్క ఏడుపుముఖం కూడా లేదు, భేష్! రెండో నర్సు అక్కర్లేదని రాసి పంపేశాం." నా ఒళ్లు మండిపోయింది. ఫలేసి పక్కనే దాని కూతురు ఎనిఫా, తొలిచూలు గర్భిణి, కడుపు పట్టుకుని కూర్చుంది. ఫలేసి దిగ్గున లేచింది.

"అయ్యా, నేను నేల మీద కన్నాను. చెంపదెబ్బ తిన్నాను. ఏడవలేదని చెప్పుకోడానికి నవ్వుముఖం మీద గీశాను."

"ముందే చెప్పొద్దా అమ్మా?"

"ఎవరడిగారు? బొమ్మలు చేతిలో పెట్టి పోయారు!"

అబిటి సయిదీ అత్త కర్ర ఊతంగా లేచింది. ఫలేసికి తిట్లు తప్పవనుకున్నాం.

"వీళ్ల నోళ్లు నొక్కింది నేనే. చెప్పండే, ఒక్కొక్కతీ లేచి చెప్పండి!"

లేచారు. చెప్పారు. కొందరు ఏడ్చారు కూడా. ఆఫీసరు గడియారం చూసుకున్నాడు. "సరే, వచ్చే ఏడాది మళ్లీ డైరీలిస్తాం" అంటూ కారెక్కబోయాడు.

ఫలేసి కారు తలుపు పట్టుకుంది. "నా కూతురికి నెలలు నిండాయయ్యా. వచ్చే ఏడాది దాకా కనకుండా ఆగమంటావా?"

అత్త ముందు, వెనక మేమంతా వెళ్లి కారుకు అడ్డంగా కూర్చున్నాం. రెండో నర్సు కావాలని ఆయన మా ముందే మళ్లీ రాసేదాకా ఒక్కతీ లేవలేదు.