కార్వాన్ మీదుగా మా చెల్లెలి బహుమతి సభకు

పాతబస్తీకి వెళ్లేవాళ్లు ఎక్కువగా చార్మినార్ చూడటానికో, గాజులు కొనడానికో వెళ్తారు. నేను వెళ్లింది మా చెల్లెలు మాధవి కోసం. శాలిబండ దగ్గరి ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగంలో ఆమె పీజీ పూర్తిచేసింది. ఆ విభాగం మొదటి బ్యాచ్ డాక్టర్లందరూ పాసయ్యారు. ఛాతీనొప్పితో వచ్చినవాళ్లకు ఓపీ చీటీతో పనిలేకుండా గుమ్మం దగ్గరే ఈసీజీ తీసే పద్ధతి పెట్టించినందుకు మాధవికి బహుమతి కూడా వచ్చింది. మధ్యాహ్నం సభ ఉందని, ఇంటి తరఫున నన్ను రమ్మంది.

కాజీపేటలో పొద్దున్నే రైలెక్కి సికింద్రాబాద్‌లో దిగాను. అక్కణ్నుంచి చార్మినార్‌కు సిటీ బస్సులు దొరుకుతూనే ఉంటాయి. ట్రాఫిక్‌ను బట్టి గంట పైనే పట్టవచ్చు. చార్మినార్ నుంచి శాలిబండకు షేర్ ఆటోలో ఇరవై రూపాయలు తీసుకున్నారు. ముసురు పట్టి ఉంది. ఆసుపత్రి గేటు దగ్గర మాధవి కొత్త చీర కట్టుకుని గొడుగు కింద నిలబడి ఉంది. ముఖంలో మాత్రం సంతోషం లేదు.

"సభకు ఇంకా టైముంది. ముందు కార్వాన్ పోయొద్దామన్నా," అంది.

పురానాపూల్ వంతెన మీదుగా మూసీ అవతలి కార్వాన్ బస్తీకి ఆటో మాట్లాడుకున్నాం, నూటయాభై. సంగతి దారిలో చెప్పింది. నిరుడు వానాకాలంలో, కార్వాన్‌లో పాలు పోసే యాదగిరి గుండెల్లో మంటగా ఉందని ఆసుపత్రికి వచ్చాడు. చీటీ కోసం బెంచీ మీద కూర్చోబెట్టారు. మాధవి లోపల యాక్సిడెంట్ కేసుతో ఉంది. అతన్ని తన దగ్గరికి తెచ్చేసరికి నాడి లేదు. కొత్త పద్ధతి ఆ తర్వాతే మొదలైంది.

"వాళ్లామెను సభకు పిలుద్దామనుకుంటున్న. పిలవాల్నో వద్దో తెలుస్తలేదు," అంది.

డ్రైవర్ ఒక గల్లీ మొదట్లో ఆపాడు. "బర్ల కొట్టాలకాడికి ఆటో పోదు భాయ్. ఈడ్నే దిగుండ్రి, లోపలంతా బురదుంటది."

యాదగిరి భార్య నర్సమ్మ బర్రెలకు గడ్డి వేస్తోంది. మాధవిని చూడగానే గుర్తుపట్టింది. చేతులు కడుక్కుని మాకు స్టూళ్లు వేసి, కొత్త పద్ధతి గురించీ సభ గురించీ మాధవి చెప్పిందంతా నిలబడే విన్నది.

"ఇప్పుడు ఎవల్నీ కూసుండబెడ్తలేరా?" అని అడిగింది.

"లేదమ్మా. రాంగనే చూస్తున్నం."

"గదే పని గా దినం చేస్తే ఏం పోయేది బిడ్డా?"

మాధవి తల దించుకుంది. నర్సమ్మ ఒక బర్రె ముందు గడ్డి సర్దింది.

"నీ మీద కోపం లేదు," అంది నర్సమ్మ. "కని అందరు చప్పట్లు కొడ్తుంటే నేనాడ ఎట్ల కూసుంటా? నేను రాను. ఆయన పేరు చెప్పు, సాలు."

సభ బాగానే జరిగింది. ఒక డాక్టరుకు ఢిల్లీలో ఉద్యోగం వచ్చిందని, మరొకరు వైద్య విద్యార్థుల క్విజ్‌లో గెలిచారని ప్రకటించారు. మాధవి వంతు రాగానే ఆమె చేసిన పని తెర మీద వేశారు. అందులో యాదగిరి 'కేసు ఒకటి'. మాధవి మైకు తీసుకుంది.

"ఈ కేసు ఒకటి పేరు యాదగిరి. కార్వాన్‌ల పాలు పోసేటాయన. వాళ్లింట్ల చెప్పమంటేనే చెప్తున్న. ఆయన టైముకే వచ్చిండు. మేమే చూడలేదు."

హాలంతా చప్పట్లు కొట్టింది. వద్దన్నట్టు ఆమె చెయ్యి ఎత్తింది. ఇంకా గట్టిగా కొట్టారు.

తిరుగు రైల్లో ఫోను తీసి ఫొటోలు చూసుకున్నాను. ఆ పద్ధతి వల్ల బతికి ఇళ్లకు వెళ్లినవాళ్లున్నారు. నిజంగా అది గొప్ప విషయమే. కానీ నర్సమ్మ అడిగిన ప్రశ్నకు మా చెల్లెలు జీవితమంతా జవాబు వెతుక్కుంటుందని నాకు అర్థమైంది. ఇంటికి వచ్చాక అమ్మ అడిగితే, బాగా జరిగిందని మాత్రం చెప్పాను.

ఏ ఊరు వెళ్లినా, మీరు దిగిన చోటికి దగ్గర్లో రాత్రీపగలూ తెరిచి ఉండే ఎమర్జెన్సీ ఎక్కడుందో ముందే కనుక్కోండి. గుండెల్లో మంటో బరువో అనిపిస్తే గ్యాస్ అనుకుని వరుసలో కూర్చోవద్దు. గుమ్మంలోనే ఛాతీనొప్పి అని గట్టిగా చెప్పండి.