అమ్మ మొహానికి పసుపు

మేం దూదేకులవాళ్ళం. పందొమ్మిదివందల నలభైల్లో చిత్తూరులో ఉండేవాళ్ళం. నాయన దూది ఏకే విల్లు భుజాన వేసుకుని పల్లెలు తిరిగేవాడు. నమాజుకు మసీదుకే పోతాం, ఇంట్లో మాట్లాడేది తెలుగు. హిందువులకు మేం తురకలం, ఉర్దూ మాట్లాడే తురకలకు సగం తురకలం. రెంటికీ చెడ్డ రేవడి బతుకు.

ఒక ఎండాకాలం, నాకు పెళ్ళయిన కొత్తలో, అమ్మ జ్వరంతో పోయింది. పక్క పల్లెలో ఉన్న నాయనకు కబురు పంపాం. ఈలోగా వడమాలపేట నుంచి వచ్చి ఉన్న మా పిన్నమ్మ, ముత్తైదువ చావు కదా అని, మా ఆనవాయితీ ప్రకారం అమ్మ మొహానికి దట్టంగా పసుపు పూసి కుంకుమ పెట్టేసింది.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. మావాళ్ళను పూడ్చడానికి ఊళ్ళో ఉన్న ఒక్క కబరస్తాన్ మసీదు పెద్దల చేతిలో ఉంది. కిందటేడు మావాళ్ళలోనే ఒక ముసలాయన పోతే, హిందువుల్లాగా తలదగ్గర దీపం పెట్టారని తెలిసి లోపలికి రానివ్వలేదు. మండే ఎండలో శవాన్ని బండి మీద వేరే ఊరికి తోలుకుపోయారు.

"ఎంత పని చేసినావు పిన్నమ్మా! తుడిసెయ్యి, మసీదోళ్ళు వస్తాండారు."

"పుణ్యస్త్రీని బోసి మొగంతో పంపమంటావా?" అని ఆమె నా మీదే కళ్ళెర్రజేసింది.

అంతలోనే శవానికి స్నానం చేయించే ఉర్దూ మాట్లాడే ముసలమ్మ వచ్చింది. అమ్మను చూసింది, నన్ను చూసింది. వసారాలో మసీదు పెద్ద భార్య, ఆమె వెంట వచ్చిన ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ముసలమ్మ ఒక్క కేక వేస్తే చాలు, అంతా బయటపడుతుంది. ఆమె కాళ్ళు పట్టుకున్నాను.

ఆమె తలుపు గడియ వేసింది. కుంకుమ పోయింది గానీ ఎంత రుద్దినా పసుపు వదల్లేదు. శవానికి చుట్టే కఫన్ గుడ్డ కప్పి, తలవైపు ముడి బిగించి, "మొహం ఎవరికీ చూపించొద్దు బేటీ. చూసినారంటే మీ అమ్మకు మన్ను లేదు, నాకు ఈ ఊళ్ళో బతుకు లేదు" అంది.

తలుపు తీయగానే ఆడవాళ్ళంతా లోపలికి వచ్చారు. వాళ్ళ వెనకే నాయన, తలనిండా దూదితో, రొప్పుతూ వచ్చాడు.

"పాపం, ముడి విప్పండమ్మా, ఆయన్ని చూసుకోనివ్వండి" అంది మసీదు పెద్ద భార్య. మంచి మాటే. చెప్పి, తనూ చూడ్డానికి ముందుకు వంగింది.

"వొద్దు నాయనా, సూడొద్దు."

"ఒక్క తూరి సూస్తానమ్మా. నేను లేనప్పుడు పోయింది గదా."

"జరానికి మొగమంతా పాడైపోయినాది నాయనా. సూడలేవు."

నాయన నమ్మాడు. ముడి మీదికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఆ సాయంత్రం అమ్మను కబరస్తాన్‌లోనే మర్యాదగా మట్టి చేశారు.

నాయన బతికినన్నాళ్ళూ, "మీయమ్మ మొగం అంత పాడైపోయినాదా?" అని అడిగేవాడు. నిజం చెబితే ఆయన ఎక్కడ నోరు జారుతాడో, మసీదు పెద్దలు అమ్మను తవ్వి తీసుకుపొమ్మంటారేమోనని నాకు భయం. అడిగినప్పుడల్లా అవుననే చెప్పాను.