గొంతులో అడ్డం

"కక్కు బిడ్డా, ఇంకా ఉన్నది లోపల" అంటూ ముసలామె నా వీపు మీద ఇంకోటి చరిచింది.

నేను బూడిద పోసిన మూకుడు ముందు గొంతుక్కూర్చుని ఉన్నాను. మా అమ్మ వెనక నిలబడి నా జడ పైకెత్తి పట్టుకుంది. ముషీరాబాద్‌లో కట్టెల అడితి వెనక రేకుల ఇల్లు అది. పరగడుపున రమ్మన్నారని తార్నాక నుంచి మొదటి బస్సులోనే వచ్చాం. ముసలామె ఏదో ఆకు దంచి పసరు తీసి, ఉప్పు వేసిన వేడినీళ్ళలో కలిపి చెంబు తర్వాత చెంబు తాగించింది. తాగడం నాకు కష్టం కాదు. నీళ్ళు దిగుతాయి, మజ్జిగ దిగుతుంది. అన్నమే దిగదు. నోట్లో పెట్టుకుంటే గొంతులో ఉసిరికాయ అడ్డం పడ్డట్టు ఉంటుంది. అందుకే వచ్చాం.

కళ్ళలోంచీ ముక్కులోంచీ నీళ్ళు కారుతున్నాయి కాబట్టి ఎప్పుడేం పడిందో నేను చూడలేదు. కొంగుతో తుడుచుకునేసరికి ముసలామె బూడిదలోంచి ఒక నల్లటి ముద్దను పుల్లతో పక్కకు నెడుతోంది. రేగుపండంత ఉంది.

"చూడు తల్లీ, గిదే. ఎన్నడు పెట్టిండ్రో ఏమో, పేగుకు అంటుకపోయింది."

"ఎవలు పెట్టిండ్రు?" అంది అమ్మ.

"పేరు చెప్తే నా విద్య పోతది. పుల్లటి దాంట్ల పెట్టిండ్రు. రోజు తినపెట్టే చెయ్యే."

అమ్మ నా జడ వదిలేసింది. "పచ్చడి" అంది.

మా వైపు 'మందు పెట్టడం' అంటే చిన్నపిల్లలకు కూడా తెలుసు. గిట్టనివాళ్ళు కూరలోనో పచ్చడిలోనో ఏదో కలిపి తినిపిస్తారనీ, అది కడుపులో ముద్దకట్టి మనిషిని లోపల్నుంచి ఎండగొడుతుందనీ నమ్మకం. దవాఖానలో దొరకదట. కక్కిస్తేనే బయటికొస్తుందట. నేనూ నమ్మేదాన్నే. నమ్మకపోవడానికి నేను చదివింది ఏడో తరగతి.

పచ్చడి అంటే ఎవరో చెప్పాలి. అప్పుడు నేను యూనివర్సిటీలో ఆడపిల్లల హాస్టల్ మెస్సులో వడ్డించే పని చేసేదాన్ని. అక్కడ పప్పూ కూరలూ వండే ఆమెది గుంటూరు వైపు. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. మల్కాజ్‌గిరిలో చెల్లెలి ఇంట్లో ఉండేది. ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వెళ్ళొచ్చి, మధ్యాహ్నం వంటకు ఎక్కేది. అందరం ఆమెను అక్కా అనేవాళ్ళం. హాస్టలు పిల్లలు తినిపోయాక, పనివాళ్ళం వెనక వరండాలో కూర్చుంటే, అక్క ఇంటి నుంచి తెచ్చిన గోంగూర పచ్చడి వేడన్నంలో కలిపి తలా ఒక ముద్ద చేతిలో పెట్టేది. మొదటి ముద్ద నాకే.

"దీని నోరు మూయించడానికి ఇంతకుమించి దారి లేదే తల్లీ" అనేది.

నేను అంత వాగుడుకాయను.

ఆ ఏడాది ప్రత్యేక తెలంగాణ గొడవలు. క్లాసులు ఆగిపోయాయి. ఆంధ్రవాళ్ళు వెళ్ళిపోవాలని క్యాంపస్ గోడల మీద పెద్దపెద్ద అక్షరాలు. రోడ్డు మీద రాళ్ళూ, పోలీసు వ్యాన్లూ, కళ్ళు మండే పొగా. హాస్టల్లో సగంమంది ఇళ్ళకు వెళ్ళిపోయారు. మిగిలిన సగానికి మేం వండేవాళ్ళం. అక్క రోజూ మల్కాజ్‌గిరి నుంచి నడిచే వచ్చేది. దారిలో ఎవరన్నా పలకరిస్తే నోరు విప్పేది కాదు. విప్పితే యాస తెలిసిపోతుంది. మెస్సులోకి వచ్చాక మాత్రం అందుకు వడ్డీతో సహా మాట్లాడేది.

నాకు అన్నం దిగకపోవడం ఆ రోజుల్లోనే మొదలైంది. మొదట పచ్చి మిరపకాయ అనుకున్నాను. తర్వాత చేపముల్లు అనుకున్నాను. ఇంట్లో చేపలు వండి నెల దాటిందని అమ్మ గుర్తు చేసింది. జాకెట్లు వదులయ్యాయి. గాజులు మోచేతి దాకా జారాయి. హాస్టల్లో ఒకమ్మాయికి అది నచ్చింది. ఆమె చపాతీని ముక్కలు చేసి గిన్నె కింద దాచేది. ప్లేట్లు ఎత్తేది నేనే కాబట్టి నాకు తెలుసు. ఎముకల మీద బిగుతు కమీజు వేసుకుని, ఇంకా లావుగానే ఉన్నానని కిటికీ అద్దంలో పక్కకు తిరిగి చూసుకునేది.

"ఎట్ల సన్నగైనవే? ఏం తింటున్నవ్? నాక్కూడా చెప్పవా" అంది ఒకరోజు.

"అన్నం దిగుతలేదమ్మా."

"లక్కీ" అంది.

తినాలని ఉండీ తినలేనిది నేను, తినగలిగీ తిననిది ఆమె. ఒకరినొకరు చూసి కుళ్ళుకున్నాం.

ముషీరాబాద్ కంటే ముందు అమ్మ నన్ను క్యాంపస్ దవాఖానకు తీసుకుపోయింది. అక్కడి డాక్టరమ్మ నాలుక నొక్కి చూసింది, మెడ తడిమింది, పెద్దాసుపత్రికి పంపింది. వాళ్ళు సున్నం నీళ్ళలాంటిది తాగించి గొంతు ఫోటో తీశారు. ఆ ఫోటో కిటికీ వైపు పెట్టి చూసి డాక్టరమ్మ, "ఇందులో ఏమీ లేదు" అంది.

"ఏం లేకుంటే ఎందుకు తింటలేదు? నాటకమా?" అమ్మకు కోపం వచ్చింది. నా మీద.

"నాటకం కాదమ్మా. ఫోటోలో ఏమీ లేదన్నాను, ఈ పిల్లకు ఏమీ లేదనలేదు. అడ్డం ఉన్నట్టు తనకు నిజంగానే తెలుస్తోంది." అప్పుడు నా వైపు తిరిగింది. "ఎప్పుడు మొదలైంది? ఆ రోజుల్లో ఏం జరిగింది?"

"ఏం జరగలేదమ్మా" అన్నాను.

జరగలేదు. అన్న కాలేజీకని పోయి ఒక రాత్రి ఇంటికి రాలేదు, అంతే. కాల్పులని ఒకరన్నారు, జైలని ఒకరన్నారు. అమ్మ పొయ్యి వెలిగించకుండా గడపలో కూర్చుంది. మర్నాడూ కూర్చుంది. నేను మెస్సులో వడ్డించి వచ్చి ఆమె పక్కన కూర్చునేదాన్ని. ఆ మరుసటి మధ్యాహ్నం అన్న చొక్కా చిరిగి, చెప్పుల్లేకుండా వచ్చి, "ఆకలైతున్నదే" అన్నాడు. అమ్మ ఏడుస్తూనే అన్నం వార్చింది. అందరం కంచాల ముందు కూర్చున్నాం. అన్న తిన్నాడు, అమ్మ తిన్నది. నా ముద్ద నోట్లోనే ఉండిపోయింది. అన్న వచ్చేశాడు కదా, ఇక జరిగిందేముంది? డాక్టరమ్మకు నేను ఇదంతా చెప్పింది కూడా ఆమె వాచీ చూసుకోకుండా వింటోందనే, మాటల్లో మాట వచ్చి.

ఆమె పిడికిలి బిగించి చూపించింది. "భయమేస్తే చెయ్యి ఇట్లా బిగుస్తుంది కదా. గొంతులోనూ కండ ఉంటుంది, అదీ బిగుస్తుంది. భయం పోయిన సంగతి దానికి ఆలస్యంగా తెలుస్తుంది. తొందరపడకుండా నములు, కొంచెం కొంచెం తిను. లోపల ఉన్నది ఎవరితోనైనా మాట్లాడు."

"మాట్లాడుడా?" అంది అమ్మ. "పొద్దుందాక మాట్లాడుతనే ఉంటది. దానికి డాక్టరెందుకు?"

డాక్టరమ్మ నవ్వింది. నేనూ నవ్వాను. చపాతీలు దాచే అమ్మాయి సంగతి కూడా చెప్తే నవ్వడం మానేసి, ఆ అమ్మాయిని ఒకసారి తన దగ్గరికి తీసుకురమ్మంది. నేను వెళ్ళి పిలిచాను. తనకేం రోగమని ఆ అమ్మాయి తలుపేసుకుంది. ఇక మా అమ్మ, పిడికిలి మాట తీసుకుని ఏం చేసుకోవాలో తెలియక, ముషీరాబాద్ ముసలామెను వెతికింది.

ఇప్పుడు చెప్పబోయేదే అసలు చిక్కు. నల్లముద్ద బయటపడ్డ ఆ సాయంత్రం నేను అన్నం తిన్నాను. పప్పుచారుతో మారు వడ్డించుకుని తిన్నాను. గొంతులో అడ్డం లేదు. ఉందేమోనని వెతికాను కూడా. అమ్మ దేవుడి పటం ముందు కొబ్బరికాయ కొట్టింది.

అన్న మాత్రం వెటకారంగా, "మందు గిందు నేను నమ్మను గానీ, ఆంధ్రోళ్ళ చేతి తిండి నువ్వెందుకు తింటవ్?" అన్నాడు.

"నీకెందుకు, నా నోరు" అన్నాను. అడ్డం పోయిన సంతోషంలో ఆ మాటను అంతకంటే పట్టించుకోలేదు.

రెండోరోజు అమ్మ నాకంటే ముందే మెస్సుకు పోయి, వరండాలో నిలబడి అందరికీ చెప్పేసింది. నేను వెళ్ళేసరికి పనివాళ్ళంతా ఒక పక్కన, అక్క ఒక పక్కన. అప్పటికి ఆమె నవ్వుతూనే ఉంది.

"నా పచ్చడిలో మందుంటే ముందు నేను పోవాలి కదమ్మా. రోజూ గిన్నె నాకేది నేనే. చూడండి, దున్నపోతులా ఉన్నాను."

మామూలుగా అయితే అందరం పడీపడీ నవ్వేవాళ్ళం. కూరగాయలు తరిగే ఆమె కత్తిపీట జరుపుకుని అవతలికి పోయింది. మధ్యాహ్నం ముద్దకు ఎవరూ చెయ్యి చాచలేదు. నేను చాచబోతే అమ్మ ఒట్టు పెట్టిందని పక్కామె నా చెయ్యి పట్టి లాగింది. రాత్రి భోజనానికల్లా మాట పిల్లల దాకా పాకింది. నిజంగా నల్లగా ఉందా అని నన్ను అడిగారు. ఉంది అన్నాను. ఇంకేం కావాలి వాళ్ళకు? సాక్ష్యం కళ్ళముందే ఉంది. నిన్నటిదాకా తిననిది ఇవాళ తింటోంది.

మరో రెండు పూటలకు వార్డెన్ మేడం అక్కను పిలిపించింది. నేను నీళ్ళ జగ్గుతో అక్కడే ఉన్నాను.

"నేనివన్నీ నమ్మను" అంది మేడం. "కానీ పిల్లలు పప్పు వేసుకోవడం లేదు. అసలే రోజులు బాగా లేవు. రేపట్నుంచి గిన్నెలు తోము. నెలాఖరుకు వేరేచోట చూసుకో."

"పదకొండేళ్ళుగా వండుతున్నానండీ."

"నాకు తెలుసు."

అక్క కొంగుతో చేతులు తుడుచుకుంది. తడి లేకపోయినా చాలాసేపు తుడుచుకుంది. బయటికి వచ్చాక నన్ను చూసి, "నీకు తగ్గింది కదే అమ్మాయ్. అదే పదివేలు" అంది. దెప్పిపొడిచి ఉంటే బాగుండేది, నేనూ నాలుగు మాటలు అనేదాన్ని.

ఆ సాయంత్రం కంచం ముందు కూర్చున్నాను. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాను. దిగలేదు. అదే ఉసిరికాయ, అదే చోట.

"అయ్యో, ఇంకింత మిగిలినట్టున్నది" అంది అమ్మ. "ఎంత పెట్టిందో పాపిష్టిది. మళ్ళ ముషీరాబాద్ పోదాం."

నేను ముద్దను కంచం అంచున ఉమ్మి కూర్చున్నాను. తింటే మందు పోయినట్టు, అంటే ఆమె పెట్టినట్టు. తినకపోతే మందు మిగిలినట్టు, అంటే ఎక్కువ పెట్టినట్టు. నా గొంతు తెరుచుకున్నా ఆమెదే తప్పు, మూసుకున్నా ఆమెదే తప్పు. అమ్మతో అన్నాను, "అన్న రాని ఆ రోజుల నుంచే గిట్లున్నదే నాకు. అక్క ఏం చేసిందే?"

"అన్నొచ్చిండు కదనే!"

"వచ్చిండు. నా గొంతుకు ఇంకా తెల్వలే."

అమ్మ నా నుదురు మీద చెయ్యి పెట్టి జ్వరం ఉందేమో చూసింది. తర్వాత అన్న చెప్పుల వైపు చూసింది. కొత్తవి, గడప పక్కన ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే నేను పనికి పోలేదు, నేరుగా వార్డెన్ మేడం గదికి పోయాను. ఆమె ఇంకా తల దువ్వుకుంటోంది.

"మేడం, అక్కను పొయ్యి కాడికి పోనియ్యుండ్రి. ఆమె వండింది ముందుగాల నేను తింట. పిల్లలందరి ముంగట."

"నీకు బాగైంది కదా, ఇంకేంటి?"

"బాగ కాలే. మళ్ళ వచ్చింది. కక్కితే పోయేదైతే మళ్ళ ఎందుకొస్తది? అది పచ్చడిది కాదు మేడం, నాది."

"దిగదంటావు, తింటానంటావు."

"దిగేదాక తింట."

మేడం దువ్వెన పక్కన పెట్టింది. "ఇవాళ ఒక్కపూట" అంది.

అక్కే ఒప్పుకోలేదు. "నీకు దణ్ణం పెడతానే అమ్మాయ్, వద్దు. రేపు నువ్వు తుమ్మినా నా మెడకే చుడతారు."

"తుమ్మితే జలుబని చెప్త. రవ్వ వేయించు."

వేయించింది. పిల్లలు ప్లేట్లతో వరసగా నిలబడ్డారు, ఒక్కరూ ముందుకు రాలేదు. చపాతీల అమ్మాయి చివర్లో గోడకానుకుని చూస్తోంది. నేను ప్లేటులో ఉప్మా పెట్టుకుని, బల్ల మీద అందరికీ కనిపించేలా కూర్చుని, నోట్లో పెట్టుకున్నాను. గొంతు దాకా పోయి ఆగింది. నమిలాను. ఆవాలూ కరివేపాకూ కూడా విడివిడిగా తెలిసేదాకా నమిలాను. కళ్ళలో నీళ్ళొచ్చాయి. ఎవరో "చూడు, చూడు" అన్నారు. అక్క గరిటె పట్టుకుని కదలకుండా నిలబడింది. నేను పిడికిలి విప్పి చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాను, ఇంకా నమిలాను. దిగింది. కొంచెమే. ఇంకో ముద్ద పెట్టుకున్నాను. ప్లేటు ఖాళీ అయ్యేదాకా పిల్లల్ని అట్లాగే నిలబెట్టి, లేచి చెయ్యి కడుక్కుని, అక్క చేతిలోంచి గరిటె తీసుకుని మొదటి అమ్మాయి ప్లేటులో వడ్డించాను.